తుపాకికి పూచీ

ఆ శనివారం పొద్దున గొడవంతా ఒక గుడ్డముక్క గురించే.

గిన్నెలు తుడుచుకునే తెల్లగుడ్డ అది. ముందురోజే ఉడుకునీళ్ళలో ఉతికి, ఆరేసి, పొయ్యి పక్కన మేకుకు తగిలించుకుంది లెక్కలమ్మ. తెల్లారి కాఫీ గ్లాసు తుడుద్దామని అందుకుంటే చేతికి జిడ్డు తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అనుమానం లేదు, తుపాకి నూనె.

"ఏమండీ, మళ్ళీ దీంతోనే తుడిచారా?"

"దేన్ని?" అన్నాడు భర్త, తల ఎత్తకుండా బూట్ల లేసు కట్టుకుంటూ.

"ఇంకెవర్ని? మీ పెద్ద పెళ్ళాన్ని."

"చేతికందింది, తుడిచాను. ఉతికితే పోయేదానికి వీధంతా వినపడాలా?"

"ఉతికేదెవరు? మీరా, అదా?"

"అది మనకి అన్నం పెడుతోందే. దానికో గుడ్డముక్క ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

"అన్నం పెట్టేది అది. వండేది నేను. అలాగే కానివ్వండి, ఇవాళ దాన్నే వడ్డించమనండి. నాతో మాత్రం మాట్లాడకండి."

"అంతకన్నా అదృష్టమా!"

ఆ ఒక్క మాటతో లెక్కలమ్మ మూతి బిగించేసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలాంటి మౌనవ్రతాలు నెలకి రెండైనా ఉండేవి. సాయంత్రానికి కరిగిపోయేవి, లేదంటే మర్నాటికి.

ఆయన బ్యాంకులో గార్డు. సైన్యం నుంచి వచ్చేశాక సొంత డబ్బుతో జోడు గొట్టాల తుపాకి కొనుక్కున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. సొంత తుపాకి ఉన్నవాడికే ఆ ఉద్యోగం. అందుకే వీధిలో అందరికీ ఆయన గన్‌మాన్. ఆవిడకి లెక్కలమ్మ అనే పేరు కూడా వీధి పెట్టిందే. కాలేజీలో చదివింది లెక్కలే. ఇప్పుడు ఆరేసిన బట్టలకి పెట్టిన క్లిప్పులు లెక్కపెడుతుంది, చెంచాలు లెక్కపెడుతుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని గోడ అవతల టైలరు వేళాకోళం చేసేవాడు.

ఆ లెక్కల్లో ముఖ్యమైనది ఒకటుంది. రోజూ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి ఇంటికొస్తాడు. వెనకగదిలో నిలబడి తుపాకి మడత విప్పి, వంచి అందులోని రెండు తూటాలు రాలుస్తాడు. నడుం పట్టీలోని నాలుగూ తీస్తాడు. అన్నీ ఆవిడ దోసిట్లో పోస్తాడు. ఆవిడ ఒక్కొక్కటే రేకుడబ్బాలో వేస్తూ లెక్కపెట్టి, చివర్న "ఆరు" అంటుంది. ఆ మాట చెవిన పడ్డాకే ఆయన తుపాకి మూసి, గదిచివర చెక్కగోడ వైపు పెట్టి, రెండు మీటలూ నొక్కుతాడు. టక్, టక్ మంటుంది. స్ప్రింగులు బిగువు మీద ఉంటే పాడవుతాయట. ఆ తర్వాత తుపాకి పెట్టెలోకి, డబ్బా బీరువాలోకి. పెట్టె తాళం ఆయన దగ్గర, బీరువా తాళం ఆవిడ దగ్గర. ఆయనకి దగ్గరచూపు తగ్గాక, ఆ చీకటి గదిలో గొట్టాల్లోకి తొంగిచూడటం మానేశాడు. ఆవిడ "ఆరు" అంటే ఆరే.

చెక్కగోడ అవతల టైలరు వాటా. ఇల్లు ఒకటే, మధ్యలో పలకలు కొట్టి రెండు చేశారు. ఆ గోడకి ఆనుకుని టైలరు బట్టల మూటలు పెట్టుకునేవాడు. "నిజంగా పేలినా నీ మూటలు ఆపేస్తాయిలే బావా" అని గన్‌మాన్ నవ్వేవాడు. "ఆపేదాకా నేనెందుకుంటాను బావా, మా ఆవిడని ముందు నిలబెడతా" అని అవతలినుంచి టైలరు.

ఆ శనివారం, తల్లీతండ్రీ ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు కూతురు చిట్టి టిఫిన్ డబ్బాతో హాల్లోకి వచ్చింది. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల విభాగంలో గుమాస్తా ఆ పిల్ల.

"ఏంటి, రేడియో ఆగిపోయింది? కరెంటు పోయిందా?" అంది.

ఎవరూ నవ్వలేదు. చిట్టి చూపు బల్లమీద కాయితాల మీద పడింది. వరసగా సంతకాలు. పైన పెద్దక్షరాల్లో గార్డుల సంఘం పేరు.

"మళ్ళీనా నాన్నా? పోయినేడు ఒకసారి ఆపారుగా!"

"మళ్ళీ తెస్తే మళ్ళీ ఆపుతాం" అన్నాడు గన్‌మాన్. ఆ సంఘానికి కార్యదర్శి ఆయనే. తుపాకి ఉన్న ప్రతివాళ్ళూ బీమా కట్టాలి, ఎవరికైనా దానివల్ల దెబ్బ తగిలితే ఆ బీమాలోంచి ఇవ్వాలి, బీమా లేకపోతే లైసెన్సు రెన్యువల్ చేయరు. ఇదీ ప్రభుత్వం తేవాలనుకుంటున్న నిబంధన. అభిప్రాయాలు వినడానికి మూడు వారాల్లో మీటింగు పెట్టారు. అక్కడ సంఘం తరఫున ఆయన చదవాలి.

"స్కూటరుకి కట్టడంలా నాన్నా? థర్డ్ పార్టీ అంటే అదేగా."

"స్కూటరు రోడ్డు మీద తిరుగుతుంది, నలుగుర్ని గుద్దుతుంది. నా తుపాకి పెట్టెలో పడుకుంటుంది. పైగా చిట్టీ, దొంగ కడతాడా ప్రీమియం? రౌడీ కడతాడా? కట్టేది నాలాంటివాడు, జీతంలోంచి. వాళ్ళకి పట్టాల్సిన జరిమానా మాకు పడుతోంది. ఇదిగో, ఇది విను." కాయితం తీసి గొంతు సవరించుకున్నాడు. "'మా సంఘ సభ్యుల తుపాకుల వల్ల ఇంతవరకు ఒక్క అమాయకుడికి చిన్న గాయం కూడా కాలేదు.' ఈ వాక్యం నేనే రాశాను. ఎలా ఉంది?"

"బాగానే ఉంది. 'ఇంతవరకు' అన్న మాట మా ఆఫీసులో రోజూ వింటుంటాం" అని చిట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాన. గన్‌మాన్ తడిసి వచ్చాడు. లెక్కలమ్మ వంటింట్లోంచి వెనకగదిలోకి వచ్చి నిలబడింది, కానీ దోసిలి పట్టలేదు. చేతులు కట్టుకుంది. ఆయన ఒక క్షణం చూసి, తూటాలు బల్లమీద పెట్టాడు. ఆవిడ వాటిని అరచేత్తో ఊడ్చినట్టు డబ్బాలోకి తోసి మూత పెట్టేసింది. లెక్కపెట్టలేదు. ఆ మాట అనలేదు. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు.

ఆయన కాసేపు ఆగాడు. తర్వాత, ఆవిడ మాటకోసం కాచుకుని ఉండటం ఏమిటన్నట్టు, విసురుగా తుపాకి మూశాడు. గోడ వైపు పెట్టి కుడిమీట నొక్కాడు. టక్. ఎడమమీట నొక్కాడు.

ఆ చప్పుడు తర్వాత కాసేపు ఆవిడకి ఏమీ వినపడలేదు. గదినిండా పొగ, చెక్కపొడి. గోడకి పిడికెడంత కన్నం. ఆ కన్నంలోంచి అవతలి గది దీపం కనిపించింది. ఆ గదిలో దీపం ఎందుకుంది? అది మూటల గది కదా. వాన పడుతోంది కదా, ముందుగది కురుస్తోంది కదా, కుట్టుమిషను లోపలికి తెచ్చుకున్నాడు కదా. ఇదంతా లెక్కలమ్మకి ఒక్కసారే తట్టింది. అప్పుడు టైలరు భార్య అరుపు వినపడింది.

* * *

ప్రాణం పోలేదు. అందరూ వచ్చి ఆ మాటే అన్నారు. ప్రాణం పోలేదు, అదృష్టం. కుడిచేతి బొటనవేలు తీసేశారు. చూపుడువేలు ఉంది కానీ వంగదు. టైలరుకి ఆ రెండు వేళ్ళూ పోయాక మిగిలినది ఏ అదృష్టమో లెక్కలమ్మకి అర్థం కాలేదు.

పోలీసులు వచ్చి తుపాకి, డబ్బా, లైసెన్సు పట్టుకెళ్ళారు. డబ్బాలో ఐదే ఉన్నాయి. తడికి ఉబ్బిన ఆరోది ఎడమ గొట్టంలో ఇరుక్కుని ఉండిపోయిందని వాళ్ళే తేల్చారు. "చూసుకోలేదు. తప్పు నాదే" అని గన్‌మాన్ రాసిచ్చాడు. అంతే రాశాడు. భార్య లెక్కపెట్టలేదన్న సంగతి అందులో లేదు. ఆసుపత్రి మంచం మీంచి టైలరు కూడా "కావాలని చెయ్యలేదు సార్, మా బావ" అనే చెప్పాడు. అయినా కేసు కేసే.

ఇక చిట్టి తిరగని గుమ్మం లేదు. బ్యాంకుకి వెళితే, గార్డు మా మనిషి కాడమ్మా, ఏజెన్సీ మనిషి అన్నారు. ఏజెన్సీకి వెళితే, డ్యూటీ అయిపోయాక ఇంట్లో జరిగింది, పైగా సొంత తుపాకి, మాకేం సంబంధం అన్నారు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన కాయితం చేతిలో పెట్టి మరీ పంపారు. తన ఆఫీసులో ఉన్న పాలసీలన్నీ చదివింది ఆ పిల్ల. ఇంటికి నిప్పంటుకుంటే వస్తుంది. లారీ గుద్దితే వస్తుంది. పక్కింటివాడి కుక్క కరిచినా ఇచ్చే పాలసీ ఒకటి ఉందట. తుపాకికి లేదు.

"ఇప్పుడు కడితే?" అని అడిగింది లెక్కలమ్మ, తెలిసీ.

"ఇప్పుడు కడితే ఇకముందు జరిగేదానికమ్మా. జరిగిపోయినదానికి ఎవరూ ఇవ్వరు."

లెక్కలమ్మకి చేతనైంది ఒక్కటే. రెండిళ్ళకీ కలిపి వండటం. పూటపూటా నాలుగు గిన్నెలు పట్టుకుని గుమ్మం దిగి, పక్క గుమ్మం ఎక్కేది. టైలరు భార్య గిన్నెలు తీసుకునేది, ఖాళీవి ఇచ్చేది. ఏమీ అనేది కాదు. తిట్టినా బాగుండునని లెక్కలమ్మకి అనిపించేది.

ఒకరోజు వెళ్ళేసరికి గుమ్మంలో స్కూలు ఆయా నిలబడి ఉంది. పిల్లల యూనిఫారాల బట్ట, కత్తిరించకుండానే తానుగా చుట్టి ఉన్నది, తిరిగి పట్టుకుపోతోంది. "ఏమనుకోవద్దన్నా, స్కూళ్ళు తెరిచేస్తున్నారు" అంటోంది. టైలరు కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మిషను ముందే కూర్చున్నాడు. "తీసుకెళ్ళమ్మా. అడ్డం నిలువు చూసి కత్తిరించమని చెప్పు, ఉతికితే కుదించుకుపోయే రకం అది" అన్నాడు. ఆయా వెళ్ళిపోయాక ఎడమచేత్తో సూది తీసుకుని దారం ఎక్కించబోయాడు. నోట్లో తడిపాడు, గురిచూశాడు, తప్పింది. మళ్ళీ తప్పింది. లెక్కలమ్మ సూది అందుకుందామని చెయ్యి చాపింది.

"వద్దక్కా" అన్నాడు. "ఎన్నిసార్లని ఎక్కిస్తావు?"

ఆవిడ గిన్నెలు అక్కడే పెట్టి వచ్చేసింది.

గన్‌మాన్ మాత్రం ఆ గుమ్మం ఎక్కలేదు. ఆసుపత్రిలో ఒకసారి చూసి వచ్చాడు, అంతే. ఇంట్లో వెనకగదిలోకి వెళ్ళడు, ముందుగదిలో కుర్చీలో కూర్చుంటాడు. చెక్కగోడ కన్నానికి చిట్టి అట్టముక్క అంటించింది.

* * *

మీటింగు సోమవారం అనగా, శనివారం సాయంత్రం సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. లావుపాటి మనిషి, కూర్చుంటే కుర్చీ మూలిగింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, బ్యాగులోంచి అవే కాయితాలు తీశాడు.

"రెండొందల పద్నాలుగు సంతకాలు. చదవాల్సింది నువ్వే."

గన్‌మాన్ కాయితం వైపు చూడలేదు. "నేనా? ఇంత జరిగాక?"

"నువ్వే కార్యదర్శివి. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, అప్పుడు అసలు బయటపడుతుంది. నువ్వు వచ్చి చదివితే ఎవరూ అడగరు." ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు. "ఏజెన్సీతో మాట్లాడాను. సోమవారం పని సవ్యంగా అయితే మంగళవారం నుంచి గోడౌనులో వాచ్‌మన్‌గా తీసుకుంటారు. లాయరు మన సంఘం లాయరే. కేసు తేలాక నీ తుపాకి నీకు ఇప్పించే పూచీ నాది."

"ఆ వాక్యం?" అంది చిట్టి, గుమ్మంలోంచి.

"ఏ వాక్యమమ్మా?"

"ఒక్క అమాయకుడికి చిన్న గాయం కూడా కాలేదన్నది."

"అది రాసేనాటికి నిజమేగా! తీర్పు వచ్చేదాకా జరిగినట్టు కాదమ్మా. అయినా ఒక్కడి చెయ్యిజారితే రెండొందల మంది నెత్తిన రుద్దాలా? అందులో సగంమందికి ఆ ప్రీమియం కడితే నెలాఖరుకి పాలు ఉండవు. అది కూడా ఆలోచించు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే లెక్కలమ్మకి బాధగా ఉంది.

ప్రెసిడెంటు వెళ్ళిపోయాక కాయితాలు బల్లమీదే ఉన్నాయి. 

ముందు మాట్లాడింది లెక్కలమ్మే. "చదివేయండి" అంది.

"అమ్మా!"

"నువ్వుండవే. మీ నాన్నకి ఉద్యోగం వస్తే, జీతంలో సగం ఆ ఇంటికి ఇస్తాం. నెలనెలా ఇస్తాం. అదే కదా నీ ఇన్సూరెన్సు చేసేది? మనమే చేద్దాం. అబద్ధం ఆడితే వాళ్ళకి అన్నం దొరుకుతుందంటే ఆడదాం. నిజం చెబితే ఏం దొరుకుతుంది వాళ్ళకి?"

"నాన్న ఎన్నేళ్ళు చేస్తాడమ్మా ఉద్యోగం? యాభై ఆరు. రేపు నాన్నకి మోకాలు నొప్పొస్తే టైలరు మావయ్య పస్తుండాలా? ఇంకో ఇంట్లో ఇంకో గార్డు ఇలాగే..."

"ఇంకో ఇంటి సంగతి నాకెందుకే? నా గోడకి కన్నం పడింది!"

"పోయినేడు రూలు వచ్చుంటే పడిన కన్నానికి సమాధానం ఉండేది" అంది చిట్టి.  తండ్రి వైపు తిరిగింది. "నువ్వే ఆపావు నాన్నా. వీధి వీధీ తిరిగి సంతకాలు పెట్టించావు. అవి లేకపోతే ఇవాళ మావయ్యకి నెలనెలా డబ్బు వచ్చేది. ఎవరి దయా అక్కర్లేకుండా."

గన్‌మాన్ లేచాడు. ఇన్నాళ్ళూ లేని గొంతు వచ్చింది. "బీమా ఉంటే వేలు తిరిగొచ్చేదా? చెప్పు! మీ ఆఫీసులో వేళ్ళు ఇస్తారా?"

"వేళ్ళు ఇవ్వరు నాన్నా. బియ్యం ఇస్తారు."

ఆయన చెయ్యి లేచింది. ఎన్నడూ కూతురి మీద లేవని చెయ్యి. లెక్కలమ్మ మధ్యలోకి వచ్చేసింది.

"దాన్నెందుకు? నన్ను కొట్టండి. నేను లెక్కపెట్టలేదు."



"ఏంటమ్మా?" అంది చిట్టి.

"ఆ రోజు నేను లెక్కపెట్టలేదే. రోజూ ఆరు అని చెప్పేదాన్ని, ఆ రోజు చెప్పలేదు. గిన్నెల గుడ్డ గురించి అలిగాను. బల్లమీద ఐదే ఉన్నాయని నా కళ్ళకి కనిపించే ఉంటుంది. కళ్ళు చూసే ఉంటాయి. నోరు రాలేదు. మీ నాన్న నా మాటకోసం ఆగారు కూడా. ఆయన ఆగడం చూసి, ఆగనీ అనుకున్నాను." అంతటితో ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది. "పోలీసులకి ఈయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తప్పంతా ఒక్కడే మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను."

గన్‌మాన్ ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల మీద పెట్టుకున్నాడు. భార్య పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"నీ నోరు లేకపోతే నాకు కళ్ళు లేవా? గొట్టంలోకి వేలు పెట్టి చూస్తే తెలిసేది. ఈవిడ చెబితేనే నొక్కుతానా అనుకుని, నీ మీద కోపంతో నొక్కానే నేను. కోపంతో తుపాకి మీట నొక్కినవాణ్ణి, మేం బాధ్యత గలవాళ్ళం అని రాసుకున్నాను."

చిట్టి ఏడుస్తోంది. ఎవరిని ఓదార్చాలో ఆ పిల్లకి తెలియడం లేదు. అప్పుడు వెనకగది వైపునుంచి, అట్టముక్క అవతలినుంచి, టైలరు భార్య గొంతు వినపడింది. గట్టిగా కాదు. మామూలుగా.

"వదినా, ఇక్కడికి అన్నీ వినపడుతున్నాయి."

 అవతల కుర్చీ జరిపిన చప్పుడు. 

* * *

ఆదివారం మధ్యాహ్నం లెక్కలమ్మ వండింది. నాలుగు గిన్నెలూ సర్దింది.  ఎలా ఆ గుమ్మం ఎక్కడం? ఏ మొహంతో? గిన్నెల ముందు నిలబడి ఉండగానే, గన్‌మాన్ చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. పక్క గుమ్మం ఎక్కాడు. లోపల ఏం మాట్లాడాడో ఈసారి ఇటు ఏమీ వినపడలేదు. కాసేపటికి టైలరుతో, టైలరు భార్యతో తిరిగి వచ్చాడు.

"ఇక్కడే తింటారు" అన్నాడు.

చిట్టి గబగబా కంచాలు పెట్టింది. బల్ల చిన్నది, ఐదుగురికి ఇరుకు. టైలరుకి చెంచా ఇచ్చారు. ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం చొక్కా మీద పడింది. ఎవరూ చూడనట్టు నటించారు. "చంటిపిల్లాడి సంబరం మొదలైంది" అని టైలరే నవ్వాడు. 

గన్‌మాన్ అన్నం ముట్టుకోలేదు. కంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"రేపు మీటింగుకి వెళ్తున్నాను" అన్నాడు. "సంఘం కాయితం చదవను. చిన్న గాయం కూడా కాలేదన్నది అబద్ధమని చెబుతాను. మా పక్కింటాయన వేలు నేను తీసేశానని చెబుతాను. ఎలా తీసేశానో కూడా చెబుతాను. రూలు పెట్టండి, బీమా లేకుండా ఎవడి చేతికీ తుపాకి ఇవ్వకండి, మొన్నటిదాకా వద్దన్నవాణ్ణి నేనే అని చెబుతాను. కేసు ఎటు తేలినా నాకు తుపాకి వద్దని రాసి కూడా ఇస్తాను."

"ఉద్యోగం?" అంది లెక్కలమ్మ. అడగకూడదనుకుంటూనే.

"ఉండదు. సంఘం లాయరూ ఉండడు. జైలు పడితే పడుతుంది."

టైలరు చెంచా కింద పెట్టాడు. నెమ్మదిగా అడిగాడు. "నాకేం వస్తుంది బావా, దాంతో?"

ఆ ప్రశ్నకి సమాధానం ఆ గదిలో అందరికీ తెలుసు. చిట్టి తల వంచుకుంది.

"నీకేం రాదు బావా" అన్నాడు గన్‌మాన్. "రూలు రేపే వచ్చినా నీకు రాదు. నేను రోజుకూలి చేసి ఇచ్చేది తప్ప నీకు ఏదీ రాదు. అది ఎంతో, ఎన్నాళ్ళో నాకే తెలియదు."

టైలరు భార్య అప్పుడు మొదటిసారి తల ఎత్తింది. మూడు వారాలుగా అణుచుకున్నది ఒక్కసారి బయటపడింది.

"మరి ఎవరి కోసం అన్నయ్యా ఈ నిజం? మా ఇంటికి రాని నిజం? నిన్న వదిన అన్నదే సరిగ్గా ఉంది. ఆ కాయితం చదివేస్తే మీకు జీతమైనా వచ్చేది. అందులో మాకు పిడికెడైనా పడేది. మీ మనసు తేలికపడటం కోసం ఆ పిడికెడు కూడా తీసేస్తారా?"

గన్‌మాన్ కంచం అంచు వదిలేశాడు.    

టైలరు తన భార్య వైపు తిరిగాడు. "చదవమందామా మరి?" అన్నాడు. "నాకు గాయం కాలేదని బావ నలుగురిలో చదువుతుంటే, నువ్వు వింటావా?"

ఆవిడ కట్టుకట్టిన ఆ చేతి వైపు చూసింది. కట్టు మీద కూర మరక పడింది. చేత్తో తుడిచింది, పోలేదు. మళ్ళీ తుడిచింది. అలా తుడుస్తూనే ఏడ్చింది. లెక్కలమ్మ లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ తోసేయలేదు, దగ్గరికీ రాలేదు.

"రేపు నేనూ వస్తాను ఈయనతో" అంది లెక్కలమ్మ. "నా వంతు నేను చెప్పుకోవాలి వదినా."

"నేనూ వస్తా బావా" అన్నాడు టైలరు. "మాట వింటే మర్చిపోతారు. చెయ్యి చూపిస్తా." ఆ వెంటనే గన్‌మాన్‌ని ఎగాదిగా చూశాడు. "కానీ ఆ చొక్కాతో మాత్రం రాకు. కాలరు చూడు, కుక్కచెవిలా వాలింది. ఎవడు కుట్టాడో!"

"నువ్వే" అన్నాడు గన్‌మాన్. ఆ ఒక్క మాటతో ఆయన నిగ్రహం తెగిపోయింది. కంచం ముందే, పెద్దమనిషి, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. టైలరు ఎడమచెయ్యి చాపి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

కాసేపటికి టైలరు భార్య కళ్ళు తుడుచుకుంది. కూర గిన్నె గన్‌మాన్ ముందుకి జరిపింది.

"క్షమించానని అనుకోకండి అన్నయ్యా" అంది. "చల్లారిపోతోంది. తినండి."